మనుషులు మానేయని లాడ్జి ఎలా నడపాలి

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. గత రెండేళ్ళలో మీ దగ్గర పని మానేసిన వాళ్ళ పేర్లన్నీ వరసగా రాసి, ఒక్కో పేరు ఎదురుగా ఎందుకు మానేశారో రాయండి. "పొగరెక్కి పోయాడు", "ఎవడో రెండు వేలు ఎక్కువిస్తానన్నాడంట" లాంటివి రాయొద్దు, అవి మన మనసు చల్లబడ్డానికి మనం చెప్పుకునే కథలు. నిజంగా తెలిస్తేనే రాయండి, తెలియకపోతే ఖాళీగా వదిలేయండి.

నేను రాసినప్పుడు పందొమ్మిది పేర్లు వచ్చాయి. కారణం తెలిసినవి నాలుగే. మా లాడ్జిలో ఉండేదే పద్నాలుగు మంది స్టాఫ్, అంటే రెండేళ్ళలో ఒక లాడ్జి మొత్తం ఖాళీ అయి మళ్ళీ నిండి ఇంకో ఐదుగురు కూడా పోయారన్నమాట, నేనేమో కౌంటర్ వెనక కూర్చుని "ఈ కాలం కుర్రాళ్ళకి ఒళ్ళు వంగదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాను.

మాది తిరుపతి స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ముప్పై రెండు గదుల లాడ్జి. హోటలు లేదు, గదులు మాత్రమే. ఈ ఊళ్ళో లాడ్జి అంటే ఏంటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రి ఒంటిగంటకి రైలు దిగేవాళ్ళు, మూడింటికి లేచి వేణ్ణీళ్ళు అడిగేవాళ్ళు, టోకెన్ దొరికిందని సగం స్నానంలో పరిగెత్తేవాళ్ళు. పగలు, రాత్రి అని తేడా ఉండదు. ఆ పేర్లు రాసే బుద్ధి కూడా ఊరికే పుట్టలేదు. ఆ ఏడు బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు, అంటే ఐదో రోజు, ఊరంతా జనం పోటెత్తి ఉన్నప్పుడు, ఇద్దరు రూమ్ బాయ్‌లు పొద్దున డ్యూటీకి రాలేదు. ఫోన్లు స్విచ్ఛాఫ్. ఆ రోజు నేనూ మా తమ్ముడూ కలిసి రాత్రి పన్నెండు దాకా దుప్పట్లు మార్చాం. నడుము పట్టేసిందిగానీ బుర్ర మాత్రం కొంచెం తెరుచుకుంది.

కాగితం రాశాక చేయాల్సింది ఫోన్లు. మళ్ళీ రమ్మని అడగొద్దు, అలా అడిగితే వాళ్ళు మొహమాటానికి ఇంకేదో చెప్తారు. "నేను చేసింది ఏది నచ్చలేదో చెప్పు, తిట్టినా పర్లేదు" అని మాత్రమే అడగండి. నాకు తొమ్మిది మంది ఫోన్ ఎత్తారు. జీతం చాలక పోయామన్నవాళ్ళు ఇద్దరే. మిగతా ఏడుగురు చెప్పినవి విన్నప్పుడు నాకు ముఖం చెల్లలేదు. ఒకడు చెల్లెలి పెళ్ళికి లీవు అడిగితే "చూద్దాంలే" అన్నానంట, పెళ్ళి రెండు రోజులుందనగా కూడా "చూద్దాంలే"నే అంట. ఒకామె "జీతం ఎప్పుడొస్తాదో తెలీకుంటే ఇంట్లో ఏం చెప్పేది సార్, ఒక నెల రెండో తేదీ, ఒక నెల పదకొండో తేదీ" అంది. మా పాత రిసెప్షన్ అబ్బాయి, పీలేరు వైపు వాడు, "గెస్టుల ముందర నన్ను రేయ్ అన్న్యారు సార్, మా నాయన కూడా అనడు" అన్నాడు.

అన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. పని ఎక్కువని పోయినవాళ్ళు తక్కువ. రేపు ఏం జరుగుతుందో తెలియక పోయినవాళ్ళు ఎక్కువ. జీతం ఎప్పుడో తెలియదు, సెలవు ఉందో లేదో తెలియదు, డ్యూటీ ఎప్పుడు అయిపోతుందో తెలియదు, ఓనరు ఎప్పుడు ఎలా మాట్లాడతాడో అసలే తెలియదు. ఈ టెన్షన్ తీసేయడానికి నేను చేసినవీ, చేయబోయి బోర్లాపడ్డవీ కింద రాస్తున్నాను. మీది బట్టల షాపైనా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అయినా, ఆసుపత్రి అయినా పెద్ద తేడా ఉండదు.

జీతం తేదీ

చట్టం ప్రకారం మన లాంటి చోట్ల నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీ లోపు ఇచ్చెయ్యాలి. నేను ఒకటో తేదీ పెట్టుకున్నాను. ఎందుకంటే మా వాళ్ళ ఇంటి అద్దె ఐదో తేదీ, డ్వాక్రా కంతు ఒకటి, చీటీ ఒకటి, పిల్లల ఫీజు ఒకటి, అన్నీ మొదటి వారంలోనే మీద పడతాయి. అవి దాటాక ఇచ్చే జీతం సగం వడ్డీకే పోతుంది. ఒకటో తేదీ ఆదివారమైతే ముందురోజే వేస్తాను. లాడ్జి ఆడినా ఆడకపోయినా ఇదే. డల్ సీజన్‌లో చేతిలో డబ్బు లేక నేను బయట అప్పు తెచ్చి వేసిన నెలలు రెండున్నాయి, అది నా తలనొప్పి, వాళ్ళది కాదు. ఓనరు కష్టంలో పనివాళ్ళు పాలు పంచుకోవాలంటే ఓనరు లాభంలో కూడా పంచుకోవాలి కదా, అది మనం చేయం.

జీతంతో పాటు ఒక చీటీ ముక్క ఇవ్వండి. ఎన్ని రోజులు, ఎంత ఓటీ, ఎంత అడ్వాన్సు కోత, చేతికి ఎంత. మొదట్లో "మాకెందుకు సార్ ఇవన్నీ" అన్నారు, మూడో నెల ఒకామె నా లెక్కలో తప్పు పట్టుకుని నూట ఎనభై రూపాయలు తీసుకుంది. ఆ రోజు నుంచి అందరూ చీటీ చదువుతున్నారు.

ఇక అడ్వాన్సులు. ఇది మన వైపు పెద్ద జబ్బు. మనిషిని కట్టేసుకోవడానికి ముప్పై వేలు, నలభై వేలు ఒకేసారి అడ్వాన్సు ఇచ్చే ఓనర్లని చూస్తుంటాను, నేనూ ఇచ్చాను. ఫలితం ఏంటంటే ఆ మనిషికి ప్రతి నెలా చేతికి వచ్చేది అరకొర, ఎప్పుడూ అప్పులో ఉన్నాననే దిగులు, చివరికి ఒక రాత్రి బ్యాగు సర్దుకుని మాయం. మన డబ్బూ పోయింది, మనిషీ పోయాడు. ఇప్పుడు మా దగ్గర లెక్క ఒకటే, సగం నెల జీతానికి మించి అడ్వాన్సు లేదు, మూడు నెలల్లో కోత. ఆసుపత్రి ఖర్చు అయితే వేరు, అది కూర్చుని మాట్లాడుకుంటాం.

టిప్పుల సంగతి చెప్పాలి, ఇందులో నేను బాగా దెబ్బతిన్నాను. గెస్టు ఇచ్చే టిప్పు బ్యాగు మోసిన అబ్బాయికే పోతుంది, బాత్‌రూమ్ కడిగిన అక్కకి పైసా రాదు. ఇది అన్యాయమని టిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి నెలాఖరున అందరికీ సమానంగా పంచాలని రూలు పెట్టాను. మొదటి నెల డబ్బాలో మూడు వేల చిల్లర, రెండో నెల నాలుగు వందలు. కుర్రాళ్ళు దాచేస్తున్నారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతున్నారు, అప్పటిదాకా కలిసి అన్నం తిన్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. మూడో నెల డబ్బా ఎత్తేశాను. దాని బదులు ఖాళీ అయిన ప్రతి గది శుభ్రం చేసినందుకు అక్కలకి జీతం కాక పది రూపాయలు నేనే వేస్తున్నాను. ఇంకొకరి జేబులో చేయి పెట్టి న్యాయం చేయబోతే ఇలాగే ఉంటుంది.

సెలవులు, డ్యూటీ చార్టు

తిరుపతిలో వ్యాపారం చేసేవాడికి ఒక అదృష్టం ఉంది, రద్దీ ఎప్పుడో ఏడాది ముందే తెలుసు. వేసవి సెలవులు, తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, జనవరి ఒకటి. ఇవేవీ చెప్పకుండా వచ్చే చుట్టాలు కాదు. అయినా ప్రతి ఏడూ మనం కొత్తగా కంగారు పడి, అప్పటికప్పుడు "ఎవరికీ లీవుల్లేవు" అని అరుస్తాం.

డిసెంబరులో కొత్త క్యాలెండరు రాగానే ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టండి. ముందు ఎర్ర పెన్నుతో సెలవులు ఇవ్వలేని రోజుల చుట్టూ సున్నా చుట్టండి, అవి ఇరవై ఐదుకి మించకూడదు, మించితే మీకు మనుషులు తక్కువున్నారని అర్థం. తర్వాత ఒక్కొక్కళ్ళు తమకి తప్పనిసరిగా కావాల్సిన నాలుగు రోజులు చెప్పాలి. మా దగ్గర ఇది ఎలా తేలిందంటే, పాతూరి వాళ్ళకి మే నెలలో గంగమ్మ జాతర కావాలి, చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా వాళ్ళ మనసు డ్యూటీ మీద ఉండదు, ఆ వారంలో వేషం కట్టాలనే మొక్కున్న అబ్బాయిని రిసెప్షన్‌లో కూర్చోబెట్టినా లాభం లేదు. తిరుత్తణి వైపు నుంచి వచ్చేవాళ్ళకి పొంగల్ కావాలి. ఒడిశా కుర్రాళ్ళు ముగ్గురికి విడివిడి పండగలు అక్కర్లేదు, ఏడాదికి ఒకసారి ఇరవై రోజులు ఏకంగా ఊరెళ్ళాలి. పక్కపక్కన రాసి చూస్తే గొడవపడే రోజులు ఏడో ఎనిమిదో, అంతే. వాటికి మాత్రం చీటీలు వేసి తీశాం, పోయినసారి దక్కనివాళ్ళకి ఈసారి ముందు.

ఆ క్యాలెండరు మెట్ల కింద అందరికీ కనబడేలా ఉంటుంది. అందులో పేరు రాసుంటే అది సెలవే, నేను కూడా కొట్టేయడానికి వీల్లేదు. ఒకసారి కొట్టేయబోయాను. ఒక పెద్ద గ్రూపు బుకింగ్ వచ్చింది, లాండ్రీ అక్కకి ఆ రోజు సెలవు. "సార్, మీరే కదా చెప్పినారు" అంది, గట్టిగా కూడా కాదు, మామూలుగానే. బయట నుంచి ఒక రోజు కూలికి మనిషిని పెట్టుకున్నాను, ఏడొందలు పోయింది. ఆ ఏడొందలకి నాకు దక్కిన నమ్మకం వేరే విధంగా కొనలేను.

డ్యూటీ చార్టు ప్రతి శుక్రవారం, వచ్చే వారం మొత్తానికి. రాత్రి డ్యూటీ చేసినవాడికి మర్నాడు పగలు డ్యూటీ వేయొద్దు, ఒకే మనిషికి వరసగా వారానికి మించి నైట్ వేయొద్దు. వారానికి 48 గంటలు చట్టం గీసిన గీత, అది దాటితే ఓటీ, ఓటీకి రెండింతల జీతం. లాడ్జి లైన్‌లో పన్నెండు గంటల డ్యూటీ మామూలే అని నాకు తెలుసు, నేనూ అలాగే నడిపాను. లెక్క వేసుకుంటే తేలిందేంటంటే, పన్నెండు గంటల్లో చివరి నాలుగు గంటలు జరిగేది పని కాదు, తప్పులు. తాళాలు మారిపోవడం, ఆధార్ కాపీ తీసుకోకుండా గది ఇచ్చేయడం, గీజర్ ఆపడం మర్చిపోవడం, అన్నీ ఆ గంటల్లోనే. ఇద్దరితో నడిపే రిసెప్షన్‌కి మూడో మనిషిని పెట్టాక జీతాల ఖర్చు పెరిగింది, నిజమే, కానీ గొడవపడి డబ్బు వాపసు తీసుకునే గెస్టులు తగ్గారు. పూర్తిగా చెల్లుకు చెల్లు అయిందా అంటే మొదటి ఏడు కాలేదు, రెండో ఏటికి అయింది.

తప్పు జరిగినప్పుడు

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ 1990లలో ఆసుపత్రుల్లో మందుల తప్పుల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే టీముల్లో తప్పులు తక్కువుంటాయనుకుని మొదలుపెడితే, లెక్కల్లో వాళ్ళవే ఎక్కువ కనబడ్డాయి. తిరగేసి చూస్తే అర్థమైంది, వాళ్ళు ఎక్కువ తప్పులు చేయడం కాదు, చేసినవి బయటికి చెబుతున్నారు. మిగతా చోట్ల భయపడి దాచేస్తున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా లాడ్జిలోని ఒక పెరటాసి శనివారం గుర్తొచ్చింది. ఒకే గది ఇద్దరికి ఇచ్చేశాడు మా రిసెప్షన్ అబ్బాయి. సాయంత్రం ఆరింటికే వాడికి తెలుసు. నాకు చెబితే తిడతానని నోరు మూసుకున్నాడు. రాత్రి పదకొండుకి చెన్నై నుంచి రెండో కుటుంబం దిగింది, చంకలో పసిబిడ్డ, ముసలాయన, మూడు సూట్‌కేసులు. ఆరింటికి చెప్పుంటే పక్క లాడ్జిలో గది మాట్లాడేవాణ్ణి, పదకొండింటికి ఊళ్ళో ఒక్క గది లేదు. చివరికి వాళ్ళు మా ఇంట్లో పడుకున్నారు.

అప్పుడు పెట్టిన రూలు ఇది. చెప్పిన తప్పుకి తిట్లు లేవు, కోతలు లేవు. దాచిన తప్పుకి మాత్రం ఉంటాయి. కౌంటర్ సొరుగులో ఒక నోట్‌బుక్ పెట్టాను, పొరపాట్లు రాయడానికి. రెండు నెలలు ఒక్క అక్షరం పడలేదు. ఎవడు రాస్తాడు తన తప్పు తన చేత్తో? మూడో నెల నేనే మొదటి పేజీలో రాశాను, "కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయాను, లైన్‌మన్ వచ్చాడు, నా తప్పు" అని తేదీ, సంతకంతో. మర్నాడు వాచ్‌మన్ అన్న తనకి చదువు రాకపోయినా వేరేవాళ్ళతో రాయించాడు, ఒక రాత్రి కునుకు పట్టి గేటు తీయడం లేటయిందని. అక్కడి నుంచి పుస్తకం నడుస్తోంది. దానివల్ల దొరికిన విషయాలు చిన్నవే, మూడో అంతస్తు గీజర్లు నాలుగూ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుందని, 207 తాళంచెవి 201కి కూడా పడుతుందని. ఈ రెండో సంగతి తెలిసినప్పుడు నాకు చెమటలు పట్టాయి.

నలుగురి ముందు మాట

ఇది ఒక్కటి చేయగలిగితే పైవన్నీ సగం సగం చేసినా నడుస్తుంది అనిపిస్తుంది నాకు. గెస్టుల ముందు స్టాఫ్‌ని తిట్టొద్దు. లోపలికి పిలిచి, తలుపు వేసి, ఏం జరిగిందో ముందు అడిగి, తర్వాత చెప్పాల్సింది చెప్పండి. "రేయ్", "ఒసేయ్" మానేయండి. మన వైపు పిలుపులకేం కొదవ, అన్నా, అక్కా, అబ్బాయ్, నాయనా, ఎన్నో ఉన్నాయి, లేదంటే పేరుంది. నా కంటే పెద్దదైన అక్కని నేను "నువ్వు" అనే అంటాను, మా ఊరి మాట అదే, ఆమె తప్పుగా తీసుకోదు. గొంతులో ఏముందో వాళ్ళకి తెలుస్తుంది.

గెస్టు నోరు పారేసుకున్నప్పుడు ఓనరు ఎటు నిలబడతాడో స్టాఫ్ అంతా చూస్తుంటారు. ఒకాయన తెల్లవారుజామున వేణ్ణీళ్ళు ఐదు నిమిషాలు లేటయ్యాయని మా అబ్బాయి చొక్కా పట్టుకున్నాడు. నేను ఆయన గది డబ్బు మొత్తం తిరిగిచ్చి, సార్ మీరు వేరే చోట చూసుకోండి అన్నాను. దర్శనానికి వచ్చినవాణ్ణి బయటికి పంపావని మా అమ్మ రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే సంగతి. వేణ్ణీళ్ళు లేటవడం మా తప్పే, దానికి డబ్బు వెనక్కిస్తాం, క్షమించమని నేను అడుగుతాను. మా అబ్బాయి చొక్కా ఆ లెక్కలో రాదు.

ఆడవాళ్ళ విషయంలో మాటలతో సరిపోదు, ఏర్పాటు ఉండాలి. గెస్టు లోపల ఉన్న గదికి శుభ్రం చేయడానికి ఒంటరిగా పంపకండి, ఇద్దరు వెళ్ళాలి, తలుపు తెరిచే ఉండాలి. పదిమంది, అంతకు పైన పనిచేసే ఏ చోటైనా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి లోపల ఒక కమిటీ పెట్టాలి. దానికి పెద్దగా ఒక ఆడమనిషి ఉండాలి, సగానికి తగ్గకుండా ఆడవాళ్ళుండాలి, బయటి నుంచి ఒకరుండాలి. లాడ్జిల్లో ఇది పెట్టినవాళ్ళు తక్కువ, "మా దగ్గర అలాంటివి జరగవు" అంటారు. జరగట్లేదని కాదు, చెప్పుకోవడానికి చోటు లేదని. మేం పెట్టాక మొదటి ఫిర్యాదు గెస్టు మీద కాదు, మాకు సామాను వేసే మనిషి మీద వచ్చింది. ఇప్పుడు సామాను వేరే చోట తెస్తున్నాం.

సౌకర్యాలు ఒకెత్తు, పెత్తనం ఒకెత్తు

మెట్ల కింద స్టోర్ రూమ్‌ని ఖాళీ చేసి రెండు మంచాలు, ఫ్యాను, ఫిల్టరు నీళ్ళు, ఆడవాళ్ళకి విడిగా బాత్‌రూమ్ ఏర్పాటు చేశాను. చాలా పెద్ద పని చేశాననుకున్నాను. ఒక్కళ్ళు కూడా బాగుందనలేదు! నాకు ఉక్రోషం వచ్చింది. హెర్జ్‌బర్గ్ అనే మానసిక శాస్త్రవేత్త 1959లోనే ఇది చెప్పాడని తర్వాత తెలిసింది. జీతం, గది, రూల్స్ లాంటివి సరిగ్గా లేకపోతే మనిషి బాధపడతాడు, ఉంటే ఆ బాధ పోతుంది, అంతేగానీ దానివల్ల పని మీద ప్రేమ పుట్టదు. ఆ ప్రేమ రావాలంటే పనిలోనే ఏదో ఉండాలి, తన మాట చెల్లడం, తను చేసింది ఎవరో గుర్తించడం, ఒక బాధ్యత చేతికి రావడం. నిజమే, నాకెవడైనా తాగునీళ్ళిచ్చినందుకు దణ్ణం పెట్టమంటే నేను పెడతానా.

బాధ్యత అంటే ఏంటో మా లాండ్రీ అక్క నేర్పింది. దిండు గలీబులు తెల్లవి కొనేవాణ్ణి, నెల తిరిగేసరికి పసుప్పచ్చ మరకలు, పారేయడం, మళ్ళీ కొనడం. ఒకరోజు విసుగొచ్చి "నువ్వే చెప్పు, ఏం కొనాలి" అన్నాను. "కొండమీద గుండు కొట్టించుకుని గంధం రాసుకుని వచ్చి పడుకుంటా ఉండారు సార్, తెల్లవి కొంటే ఎట్లా నిలుస్తాయి? దుప్పట్లు తెల్లవి తెండి, గలీబులు మాత్రం గంధం రంగువే తెండి" అంది. పన్నెండేళ్ళుగా లాడ్జి నడుపుతున్నాను, నాకు తట్టలేదు. అప్పటి నుంచి బట్టల కొనుగోలు ఆమెదే. డబ్బిచ్చి పంపిస్తాను, బిల్లు తెస్తుంది, రకం ఆమె ఇష్టం. ఒకసారి తప్పు రకం తెచ్చింది, ఉతికితే ముడుచుకుపోయాయి. ఏమీ అనలేదు. తర్వాత నుంచి ముందు రెండు తెచ్చి ఉతికి చూసి, ఆ తర్వాతే మిగతావి కొంటోంది.

మీరూ అలాంటి పని ఒక్కొక్కళ్ళకి ఒకటి వెతకండి. గొప్పది కానక్కర్లేదు. కానీ ఇచ్చాక మళ్ళీ వెనక నుంచి వేలు పెట్టకండి, అలా అయితే ఇవ్వకపోవడమే మేలు.

నెలనెలా ఉత్తమ ఉద్యోగి అని ఫోటో పెట్టే పద్ధతి నాకు నచ్చదు. మూడు నెలలు చేశాను, ఒకరి ఫోటో పెట్టిన నెల పదముగ్గురు మూతి ముడుచుకున్నారు. దానికంటే పొద్దున పదింటికి కౌంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం మేలు. ఇవాళ ఎన్ని గదులు ఖాళీ అవుతాయి, ఎవరొస్తున్నారు, నిన్న పనికి ఏది అడ్డం పడింది. నిన్న ఎవరైనా మంచి పని చేసుంటే ఆ పనేంటో పేరు పెట్టి చెప్పడం, "అందరూ బాగా చేశారు" అని గంపగుత్తగా కాదు. పది నిమిషాలు దాటనివ్వను, దాటితే ఉపన్యాసం అవుతుంది.

కాగితాల పని

పదిమంది, అంతకు పైన ఉంటే ఈఎస్‌ఐ, అంటే పనివాళ్ళ ఆరోగ్య బీమా. ఇరవై, అంతకు పైన ఉంటే పీఎఫ్. ఈఎస్‌ఐ నెలకి 21 వేల లోపు జీతగాళ్ళకి, వాళ్ళ జీతంలోంచి 0.75 శాతం, మన వైపు నుంచి 3.25 శాతం. పన్నెండు వేల జీతానికి వాళ్ళది 90 రూపాయలు, మనది 390. తిరుపతిలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. మా వాచ్‌మన్ అన్న ఇంట్లో ఆపరేషన్ అయినప్పుడు మా దగ్గర అడ్వాన్సు అడగలేదు, కార్డు పట్టుకుని వెళ్ళాడు. కార్డు చేతికివ్వడంతో పని అయిపోదు, అది ఎలా వాడాలో ఒకసారి ఎవరినైనా తోడిచ్చి పంపండి, లేకపోతే అది బీరువాలోనే ఉంటుంది.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి చేసిన మనిషి మానేసేటప్పుడు మనం ఇవ్వాల్సిన మొత్తం, దాని సంగతి చాలామంది ఓనర్లు పైకి ఎత్తరు, అడిగినప్పుడు చూద్దాంలే అని. నేను ఐదేళ్ళు నిండబోయే ప్రతి ఒక్కరికీ కూర్చోబెట్టి లెక్క చూపిస్తాను. నెల జీతం, అంటే బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి, 13 వేలు అనుకోండి. 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 7,500. ఆరేళ్ళు చేస్తే 45 వేలు. ఇది దయ కాదు, వాళ్ళది. ఈ అంకె ముందే తెలిస్తే మనిషి తన ఏళ్ళని కొంచెం వేరుగా చూసుకుంటాడు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి కాబట్టి మీ ఆడిటర్‌ని ఒకసారి కూర్చోబెట్టి మీ జీతాల చీటీలన్నీ చూపించుకోండి.

ఇంత చేసినా మానేసేవాళ్ళు మానేస్తారు. పోయిన ఏడాది ఒక కుర్రాడు శ్రీసిటీలో ఫ్యాక్టరీలో చేరాడు, నేను ఇవ్వలేనంత జీతం. తేడా ఏంటంటే పదిహేను రోజుల ముందే చెప్పాడు, చెప్పి, వాళ్ళ చిన్నాన్న కొడుకుని తీసుకొచ్చి పక్కన పెట్టుకుని గదులన్నీ చూపించి, 207 తాళం సంగతి కూడా చెప్పి వెళ్ళాడు. ఆ కొత్త అబ్బాయి ఇప్పటికీ ఉన్నాడు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, స్టాఫ్‌కి అనుమానం వస్తుంది, లాడ్జి అమ్మేస్తున్నాడేమో అని. మా దగ్గర నిజంగానే అనుకున్నారు. ఈ వారం ఆ కాగితం రాసి ఫోన్లు చేయండి. వచ్చే నెల జీతం తేదీ ఖాయం చేయండి, మూడు నెలలు ఒక్కసారి కూడా తప్పకండి, ఆ తర్వాతే డ్యూటీ చార్టు గురించి నోరెత్తండి. పొరపాట్ల పుస్తకం అన్నిటికంటే చివర, అప్పటికి మీ మాట మీద కాస్త గురి కుదురుతుంది.

ఒక్క కుర్చీ మాత్రం ఇవాళే వేయండి. రిసెప్షన్‌లోనో బిల్లింగ్ దగ్గరో ఎనిమిది గంటలు నిలబడే మనిషి వెనక. పక్కనే తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టమే చేశారు. మా దగ్గర వేసిన మొదటి రోజు ఆ అబ్బాయి కూర్చోలేదు, నేను భోజనానికి వెళ్ళాక కూర్చున్నాడంట. రెండో రోజు నన్ను చూసి లేవబోయాడు, చేత్తో కూర్చోమన్నాను.